కనకవల్లి పడిపోయే సీను

తన తల్లి మూడో అంకంలో తాగి స్టేజీ మీద పడిపోతుందని వసంతలక్ష్మికి మంగళవారం సాయంత్రం తెలిసింది. అమ్మ జీవితకథ మీద వేస్తున్న ఆటకు నాలుగు రోజులే ఉంది. అమెరికాలోని క్యారీలో శ్యామ్‌సుందర్ ఇంటి మేడ మీద, బోనస్ రూమ్ అనే అదనపు గదిలో రిహార్సల్. ఆమె కార్పెట్ మీద కూర్చుని, హార్మోనియం తిత్తి ఎక్కడైనా గాలి వదులుతోందేమోనని చెవి పెట్టి వింటోంది. మూడో అంకం సంగతి ఎప్పుడడిగినా “ఇంకా వర్క్ అవుతుందక్కా” అంటూ రెండు నెలలు నాన్చిన శ్యామ్‌సుందర్, ఆ రోజు ఎవరూ అడగకుండానే తలా ఒక కాపీ పిన్ను కొట్టి మరీ పంచాడు.

కళ్లజోడు పెట్టుకుని చదివింది. ‘కనకవల్లి రాజు వేషంలో ప్రవేశం. చేతిలో గ్లాసు. తాగుతుంది. తూలుతుంది. పద్యం పాడుతుంది. రాగం అందుకోబోతుంటే గొంతు విరుగుతుంది. కుప్పకూలుతుంది. చీకటి.’

పేజీ తిప్పి చూసింది. తరవాతి పేజీలో మూడేళ్ల అజ్ఞాతవాసం, పశ్చాత్తాపం, మళ్లీ దీపాల వెలుగు, చప్పట్లు. మళ్లీ వెనక్కి తిప్పింది. కుప్పకూలడం అక్కడే ఉంది.

“ఇదేమిటి శ్యామ్?”

“ఏదక్కా?”

“మా అమ్మ పడిపోవడం.”

“అదా. అది లో పాయింట్ అక్కా. సింగర్ బయోపిక్ అంటే లో పాయింట్ ఉండాలె. లేకపోతే కమ్‌బ్యాక్ ఎట్లొస్తది?”

శ్యామ్‌సుందర్‌ది హనుమకొండ. వారమంతా కంప్యూటర్ సర్వర్లతో వేగుతాడు, శని ఆదివారాలు తెలుగు సంఘానికి నాటకాలు వేయిస్తాడు. మనిషి మంచివాడు. ఒకటే జబ్బు, పాత హాలీవుడ్ మ్యూజికల్స్. అందులోనూ రంగస్థల గాయనుల జీవితకథలంటే ప్రాణం. మార్చిలో ఒకటి వసంతలక్ష్మికి కూడా వేసి చూపించాడు. పేదపిల్ల, చిన్న హాలు, పెద్ద హాలు, పనికిమాలిన మొగుడు, సీసా, పతనం, చివరికి మళ్లీ అదే హాలులో అందరూ లేచి నిలబడటం. ఆమెకు నచ్చింది కూడా. చివర్లో కళ్లు తుడుచుకుని, “ఆవిడకి నిజంగా ఇలాగే జరిగిందా?” అని అడిగింది. “కొంచెం లిబర్టీ తీసుకుంటరక్కా,” అన్నాడతను. ఆ లిబర్టీ తన ఇంటికే వస్తుందని అప్పుడు తట్టలేదు.

“గ్లాసులో ఉండేది కషాయం. శొంఠి, మిరియాలు, పటికబెల్లం. నేను చెప్పాను కదా.”

“చెప్పిన్రు. జనం మందు అనుకునేటోళ్లని కూడా మీరే చెప్పిన్రు.”

“అనుకునేవాళ్లని చెప్పాను. అది అబద్ధమని చెప్పడానికి చెప్పాను.”

“నేనేం తప్పుగా చూపిస్తలేనక్కా. రెస్పెక్ట్‌తోనే చూపిస్తున్న. ఆ సీన్ చూసినంక జనం ఆమెను ఇంకా ప్రేమిస్తరు, చూడండి.”

మే నెలలో ఇదే గదిలో ఆ సంగతి చెప్పింది తనే. స్టేజీ మీద ఆడది పాడితే దాని గ్లాసులో ఏముందో చూడకుండానే ఊరంతా చెప్పేసేది. అందుకని అమ్మ గ్లాసు మీద మూత తీసి, ముందు వరసకు మిరియాల ఘాటు తెలిసేలా హార్మోనియం పక్కన పెట్టేది. ఒక్కోసారి ముందు వరసలో ఎవరో తుమ్మేవారు, అమ్మకు సంతోషం. ఇంత చెబితే ఇతను మూతా వాసనా వదిలేసి గ్లాసు పట్టుకున్నాడు.

“ఎనభై ఒక్క ఏళ్లు బతికింది. ఆడదై ఉండి సొంత నాటక సమాజం నడిపింది. నూట రెండు జ్వరంతో కూడా ఆట ఆడి, దిగాక సామాన్ల పెట్టెలు తనే దగ్గరుండి లారీ ఎక్కించేది. ఒక్క రోజు పడిపోలేదు.”

“గొప్ప విషయమక్కా. కానీ అందుల డ్రామా లేదు.”

ఆమె పేజీలు మడిచి పక్కన పెట్టింది. అమ్మ పుట్టింటి సంగతి మేనమామకే నేర్పుతున్నట్టుంది యవ్వారం. ఆ మాట అనేసేదే కానీ, అప్పటికే కనకవల్లి వేషం కట్టే నైనిక నేల మీద యోగా మ్యాట్ పరుచుకుని పడటం ప్రాక్టీసు చేస్తోంది. ముందు మోకాలు, తరవాత భుజం, తరవాత తల. శ్యామ్‌సుందర్ ఫోన్‌లో వీడియో తీస్తూ, “ఇంకొంచెం స్లో, నైనికా,” అంటున్నాడు.

వసంతలక్ష్మి పనిచేసేది మందుల కంపెనీలో, నాణ్యత విభాగంలో. పదిహేడేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఎవరో చేసిన పనికి ఎవరో రాసిన కాగితం చదివి, అది నిజమేనా అని చూసి, కింద సంతకం పెట్టడం. తూకం ఎవరు వేశారు, ఎన్ని గంటలకు, సాక్షి ఎవరు. సాక్షి గడి ఖాళీగా ఉంటే కాగితం వెనక్కి పంపుతుంది. సైంటిస్టులు విసుక్కుంటారు, ఆమె మాత్రం పెన్ను మూత తీయదు.

బుధవారం లంచ్‌లో డబ్బా తెరవకుండానే శ్యామ్‌సుందర్‌కి మెయిల్ రాసింది. మూడో అంకంలో ఉన్నది జరగలేదని, తాను ప్రత్యక్ష సాక్షినని, చిన్నప్పుడు పదకొండేళ్లపాటు అమ్మ ఆటల్లో హార్మోనియం వెనకే నిద్రపోయానని, దయచేసి ఆ సీను తీసేయమని. మూడుసార్లు చదువుకుని పంపింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఒక బొటనవేలు, ఒక నమస్కారం బొమ్మ.

“అంటే తీసేస్తున్నాడన్నమాట,” అన్నాడు ఇంటికొచ్చాక ఆమె భర్త తిరుపతయ్య, వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తూ.

“అంటే మెయిల్ అందిందన్నమాట.”

“పోనీలే వసంతా. నాటకమే కదా. చూసేవాళ్లకి మాత్రం తెలీదా?”

“తెలిస్తే నాకు ఇంత మంట ఎందుకు? మీ అమ్మ గురించి రాస్తే పోనీలే అనేవారా?”

“మా అమ్మ గురించి ఎవరు రాస్తారు,” అని ఆయన చిక్కుడు నారలు చెత్తబుట్టలో వేసి టీవీ ముందుకు వెళ్లిపోయాడు. ఆయన జీవితంలో సగం సమస్యలు పోనీలేతో తీరాయి, మిగతా సగం ఆమెకు వచ్చాయి.

ఏడింటికి నైనిక వచ్చింది. పంతొమ్మిదేళ్లు, క్యారీలోనే పుట్టింది. పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. గొంతు కంచు. పద్యం అంటే ఏమిటో మాత్రం నాలుగు నెలల కిందటి వరకూ తెలియదు. తెలుగు మాటలు ఐప్యాడ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుని, వాటి మీద తనకు తోచిన బాణాలు గీసుకుంటుంది. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఎక్కడ మాట విరిచి ఊపిరి తీసుకోవాలో.

“ఆంటీ, నిన్న మీరు కోపం అయ్యారు కదా.”

“నీ మీద కాదమ్మా.”

“ఐ నో. బట్ నేను కూడా ఇది గెట్ అవ్వట్లేదు. ఫోర్ మంత్స్ మీరు ఈ రాగం నేర్పించారు. ఇప్పుడు అది బ్రేక్ చెయ్యమంటే... నాకు ఎలా బ్రేక్ చెయ్యాలో రాదు.”

“రాకపోవడమే మంచిది,” అని వసంతలక్ష్మి ఐదో శ్రుతి మెట్టు నొక్కింది. “నేను నీకు పాడటం నేర్పాను. పడటం మీ అంకుల్ నేర్పుతాడు. ఊఁ, ఎత్తుకో.”

ఆ పిల్ల ఎత్తుకుంది. పద్యం నాలుగు పాదాలూ అయ్యాయి, చివర తీసే రాగం మొదలైంది. ముందు నెమ్మదిగా, మెట్టు మీద మెట్టు, పైషడ్జం దగ్గర ఒక్క క్షణం ఆగి, అక్కడినుంచి జారకుండా ఒక్కో స్వరం మీద కాలు మోపుతూ దిగడం. అమ్మ అలాగే దిగేది. వసంతలక్ష్మి గొంతుకు ఆ ఎత్తు ఎన్నడూ అందలేదు. తన చెవిలో ఉన్నదాన్ని ఈ పిల్ల గొంతులోకి దించడానికి నాలుగు నెలల బుధవారాలు పట్టింది. అదంతా ఇప్పుడు కుప్పకూలడానికి ముందు వచ్చే సంగీతం అయింది. ఆలోచిస్తుంటే ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

గురువారం మధ్యాహ్నం వాట్సాప్‌లో కరపత్రం వచ్చింది. రంగుల్లో, కిరీటం పెట్టుకున్న నైనిక ఫొటోతో బాగానే ఉంది. రెండు వేళ్లతో పెద్దది చేసి కింద చిన్న అక్షరాలు చదివింది. ‘సుప్రసిద్ధ రంగస్థల గాయని కనకవల్లి గారి యథార్థ జీవిత గాథ. వారి కుమార్తె శ్రీమతి వసంతలక్ష్మి గారి ధ్రువీకరణతో.’

మీటింగ్ మధ్యలోంచి లేచి, పార్కింగ్‌లో కారులో కూర్చుని ఫోన్ చేసింది. కోపం ముదిరితే ఆమె మాటలో మర్యాద పెరుగుతుంది.

“శ్యామ్‌సుందర్ గారూ, నేను దేన్ని ధ్రువీకరించానండీ?”

“అక్కా, ఏమైంది? అది మీ గౌరవం కోసమని పెట్టిన.”

“నా పేరు తీసేయండి. లేదా సీను తీసేయండి. రెండిట్లో ఏదో ఒకటి.”

“ప్రింట్ అయిపోయినయక్కా. మూడు వందల కాపీలు. ఇప్పుడెట్ల?”

“మీరు నా తల్లి తాగి పడిపోయిందని రాసి కింద నా సంతకం పెట్టారు. ఎల్లుండి ఆ హాల్లోంచి మూడు వందల మంది అది నిజమని ఇంటికి పట్టుకెళ్తారు. వాళ్లకి నేను వెనకాల పడి ఒక్కొక్కరికీ చెప్పుకోవాలా?”

అతను చాలా మెత్తగా, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. “అక్కా, మీకు మరీ ఇబ్బంది అనిపిస్తే రాకండి. నేను అర్థం చేసుకుంట. హార్మోనియం ప్లేస్‌ల ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టుకుంటం. షో మాత్రం ఆగదు కదా.”

ఫోన్ పెట్టేశాక ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. వెళ్లకపోతే ఏమవుతుంది. కరపత్రంలో పేరు ఉంటుంది, సీను ఉంటుంది, కనకవల్లి ఫోన్ శ్రుతికి పాడి పడిపోతుంది. వెళ్తే తన చేత్తో తనే వాయించి అమ్మను పడేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఆ పిల్ల గుర్తొచ్చింది. రాగం అందుకునేటప్పుడు నైనిక ఎవరినీ చూడదు, హార్మోనియం మెట్ల మీద ఉన్న తన వేళ్లనే చూస్తుంది. ఫోన్‌కి వేళ్లుండవు.

శుక్రవారం ఆమె రిహార్సల్‌కు వెళ్లింది. శ్యామ్‌సుందర్ ఎదురొచ్చి, “థ్యాంక్యూ అక్కా, మీరు వస్తరని నాకు తెలుసు,” అని కుర్చీ వేశాడు. ఆమె కుర్చీ పక్కకు జరిపి కిందే కూర్చుంది. నైనిక మోకాలి దగ్గర కమిలిపోయి నల్లగా ఉంది, దాని మీద ఐస్ ప్యాక్ కట్టుకుంది. ఏడుసార్లు పడింది. ఆరోసారి తరవాత శ్యామ్‌సుందర్ హార్మోనియం దగ్గరకు వచ్చి, “అక్కా, గొంతు విరిగే దగ్గర మీరు గూడ ఒక్క అపస్వరం వేస్తే మస్తుంటది,” అన్నాడు.

“ఈ పెట్టెలో అది లేదండీ, శ్యామ్‌సుందర్ గారూ,” అంది ఆమె. అతను నవ్వి వెళ్లిపోయాడు. జోక్ అనుకున్నాడు పాపం.

శనివారం మూడు గంటలకు ఆట. అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియం నిండింది. ముందు మూడు వరసలూ వేసవికి పిల్లల దగ్గరకు వచ్చిన పెద్దవాళ్లే. ఏసీ చలికి స్వెట్టర్లు, శాలువలు, మంకీ క్యాపులు. సరిగ్గా నడుమ సీట్లో శ్యామ్‌సుందర్ అత్తగారు రాజేశ్వరమ్మ కూర్చుంది. సూర్యాపేట నుంచి వచ్చి రెండు వారాలైందట. రెండు కాళ్లూ సీటు మీదికి మడిచి పెట్టుకుని, పక్కనున్న కూతురు రేణుతో పెద్దగా మాట్లాడుతోంది. ఆమె మాట్లాడితే మూడు వరసలకు వినిపిస్తుంది.

హార్మోనియం స్టేజీకి ఎడమ పక్క, జనానికి సగం కనిపించేలా పెట్టారు. మొదటి అంకం అయింది, రెండో అంకం అయింది. హాలీవుడ్ పద్ధతిలో పదిమంది పిల్లలు మెరుపు బట్టలు వేసుకుని గొడుగులతో డాన్స్ చేశారు. అమ్మ ఆటలాడిన గుంటూరు జిల్లా పల్లెల్లో ఆ గొడుగులెందుకో వసంతలక్ష్మి అడగలేదు. పెద్దవాళ్లు మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు కునుకు తీశారు.

మూడో అంకం. నైనిక కిరీటం, కత్తి, పట్టుబట్టల రాజు వేషంలో వచ్చింది. చేతిలో గ్లాసు. ఎత్తి తాగింది, తూలింది. జనంలోంచి అయ్యో అన్న చప్పుడు వచ్చింది. ఆ అయ్యో వసంతలక్ష్మి గుండెల్లో ముల్లులా దిగింది. అమ్మ జీవితమంతా తప్పించుకు తిరిగిన చప్పుడు అది. శ్రుతి ఇవ్వక తప్పదు కాబట్టి ఇచ్చింది.

నైనిక పద్యం ఎత్తుకుంది. మొదటి పాదానికే కునుకు తీస్తున్నవాళ్లు లేచారు. నాలుగు పాదాలూ ముగిశాయి. రాగం మొదలై, పైకి ఎక్కి, చెప్పినచోట చెప్పినట్టు విరిగింది. ముందు మోకాలు, తరవాత భుజం, తరవాత తల. కిరీటం దొర్లింది. ఇక చీకటి పడాలి.

“వన్స్ మోర్,” అన్నారు ముందు వరసలో ఎవరో.

చీకటి పడలేదు. దీపాల దగ్గరున్న కుర్రాడికి ఇది స్క్రిప్టులో కనిపించక ఆగిపోయినట్టున్నాడు. “వన్స్ మోర్,” అన్నారు ఇంకో ఇద్దరు. తరవాత మూడు వరసలూ అందుకున్నాయి. రెండు వారాలుగా, రెండు నెలలుగా కొడుకుల ఇళ్లలో టీవీలు చూసి చూసి ఉన్నారు, పద్యం చెవిన పడేసరికి వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. పద్యం బాగుంటే మళ్లీ అడగడం వాళ్లకు తెలిసిన పద్ధతి. పాడినవాడు పడ్డాడా, చచ్చాడా అని అక్కడ చూడరు. యుద్ధంలో చచ్చిన రాజులే వన్స్ మోర్ అంటే లేచి, దుమ్ము దులుపుకుని, పాడి, మళ్లీ చచ్చేవారు.

నైనికకు ఆ సంగతి తెలియదు. పడుకునే ఒక కన్ను తెరిచి హార్మోనియం వైపు చూసింది. పక్క తెర చాటున హెడ్‌సెట్ పెట్టుకున్న శ్యామ్‌సుందర్ రెండు చేతులూ ఊపుతూ, “వద్దు, వద్దు, బ్లాకౌట్,” అంటున్నాడు.

వసంతలక్ష్మి ఆలోచించలేదు. ఐదో శ్రుతి నొక్కింది.

ఆ శ్రుతి వినిపిస్తే ఎత్తుకోవాలి, నాలుగు నెలలుగా ఆ పిల్లకు తెలిసింది అదొక్కటే. లేచి నిలబడింది, కిరీటం ఏరుకుని పెట్టుకుంది, పాడింది. ఈసారి విరగాల్సినచోట వసంతలక్ష్మి వేళ్లు ఆగలేదు, పైషడ్జానికి వెళ్లిపోయాయి. నైనిక ఆ వేళ్లనే చూస్తోంది. గొంతు వాటి వెంట వెళ్లింది. పైన ఒక్క క్షణం నిలబడి, ఒక్కో స్వరం మీద కాలు మోపుతూ దిగింది. హాలు హోరెత్తింది. మళ్లీ వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడింది, ఇంకా బాగా.

మూడోసారి చప్పట్ల మధ్య నైనిక నేల వైపు ఒకసారి చూసింది. మోకాలు తడుముకుంది. తరవాత జనానికి చిన్న నమస్కారం పెట్టి, కత్తి సర్దుకుని, నడుచుకుంటూ తెర వెనక్కి వెళ్లిపోయింది. ఖాళీ స్టేజీ మీద అప్పుడు పడింది చీకటి.

“పడలేదేంది నైనికా?” శ్యామ్‌సుందర్ గొంతు గుసగుసలోనే ఏడుస్తోంది.

“అంకుల్, పడితే మళ్లీ అడుగుతున్నారు. మళ్లీ లేవాలి. మై నీ హర్ట్స్.”

అతను ఏదో అనబోయాడు. ఈలోగా స్పీకర్లలో అతని గొంతే, ముందుగా రికార్డు చేసి పెట్టింది, వీణ వెనక నుంచి బరువుగా మొదలైంది. “ఆ రాత్రి వేలాది ప్రేక్షకుల కళ్లముందు మత్తులో కుప్పకూలిన కనకవల్లి...”

“ఏడ గూలింది?” అంది రాజేశ్వరమ్మ.

హాలంతా వినిపించింది. రేణు తల్లి చెయ్యి పట్టుకుని, “అమ్మా, మెల్లగ. మొదట పడ్డది కదా,” అంది.

“అది కాలు మడతవడ్డది. లేచి రెండుమాట్ల పాడలేదా? ఇప్పుడే గద మన ముంగట్నుంచే నడుసుకుంట లోపటికి పోయింది. మనం జూస్తనే ఉంటిమి.”

“తాగిందంటున్నారు కదండీ,” అన్నారు వెనక వరసలోంచి ఎవరో ఒకాయన.

“తాగితే ఆ రాగం వస్తదా అయ్యా? నువ్వు తాగి పాడి చూడు.”

నవ్వు ముందు వరసలో మొదలై వెనక్కి పాకింది. స్పీకర్లలో శ్యామ్‌సుందర్ పశ్చాత్తాపంతో కుమిలిపోతూనే ఉన్నాడు, వినేవాళ్లు లేరు. “నడిచే వెళ్లిందండీ, నేనూ చూశాను,” అంటోంది ఇంకో పెద్దావిడ తన పక్కావిడతో. “ఏం గొంతండీ, మహాతల్లి.”

అమ్మ పడిపోలేదని వసంతలక్ష్మి ఎన్నిసార్లు చెప్పింది. సొంతూరు తెనాలిలో చెప్పింది, ఇక్కడ చెప్పింది, మెయిల్ రాసింది, ఫోన్ చేసి అడిగింది. కూతురు కాబట్టి అలాగే చెబుతుందిలే అన్నట్టు విన్నారందరూ. ఇవాళ అమ్మ ముక్కూమొహం కూడా తెలియని మనిషి, సీటు మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, ఎవరూ అడగకుండానే మూడు వందల మంది ముందు అమ్మ తరఫున సాక్ష్యం చెబుతోంది.

తరవాతి సీనుకు తెర లేస్తోంది. ఆమె శ్రుతి అందుకుంది. కళ్లు తుడుచుకుందామంటే ఒక చెయ్యి తిత్తి మీద, ఒక చెయ్యి మెట్ల మీద ఉంది.